ఏది నల్ల దారం?

దస్తగిరికి దగ్గరి చూపు మసకబారి ఏడాది దాటింది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో భార్య ఖాసింబీకి కూడా.

ఆదోనిలో పత్తి మార్కెట్టు వెనక సందులో మౌలాబాబా కుట్టుపని కొట్టు ఉండేది. బాబాకు ఎనభై దాటాయి. చేసేది దర్జీ పనే అయినా, గురువారం సాయంత్రం మిషన్లు ఆగాక ఆ కొట్లోనే చాపలు పరిచేవాళ్లు. మనసు బాగాలేని వాళ్లు, దారి తోచని వాళ్లు వచ్చి కూర్చునేవాళ్లు. బాబా ఎక్కువ మాట్లాడేవాడు కాదు. వచ్చినవాళ్లకు టీ ఇప్పించి, చెప్పేదంతా విని, చివర్లో ఒకటి రెండు మాటలు అనేవాడు. ఒక్కోసారి అవీ ఉండవు. గుడ్డ ముక్క, సూది చేతికిచ్చి "ఈ అంచు కుట్టి పెట్టు నాయనా" అనేవాడు. అంచు పూర్తయ్యేసరికి, అడగాలని వచ్చిన ప్రశ్నను చాలామంది అడగకుండానే ఇంటికి పోయేవాళ్లు.

దస్తగిరి ఆ కొట్లో చేరి ముప్పై ఆరేళ్లు. పనిలోనూ బాబాకు శిష్యుడే, గురువారాల్లోనూ శిష్యుడే. కటింగు బల్ల అతనిది. గుడ్డ పరిచి, సుద్దతో నాలుగు గీతలు గీసి కత్తెర పెట్టాడంటే మళ్లీ సరిచూసుకునే పని ఉండదని ఊళ్లో పేరు.

ఇప్పుడు ఆ గీతలే అతనికి సరిగా ఆనడం లేదు. ముఖ్యమైన కోతలన్నీ వెలుతురు బాగా ఉన్నప్పుడే, మధ్యాహ్నంలోపే ముగించుకునేవాడు. ఆ తర్వాత గుడ్డను వేళ్లతో తడుముతూ నెట్టుకొచ్చేవాడు. ఒకసారి కంటి శిబిరంలో డాక్టరమ్మ టార్చి వేసి చూసి, రెండు కళ్లలోనూ శుక్లాలు వచ్చాయంది. "ఆపరేషన్ చేయించుకో పెద్దాయనా. నెల రోజులు పనికి పోకుండా ఉంటే చాలు" అంది.

ఆ నెల రోజులే అతని భయం. నెల రోజులు ఆ బల్ల దగ్గర ఎవరు నిలబడతారో అతనికి తెలుసు.

ముబీనా. ఇరవై ఆరేళ్ల అమ్మాయి. కర్నూలులో బట్టల డిజైనింగు చదువుకుని వచ్చింది. ఆడవాళ్ల కొలతలు తీయడానికని ఎనిమిది నెలల కిందట బాబా పనిలో పెట్టుకున్నాడు. వచ్చిన నెలకే కొలతలన్నీ ఫోనులోకి ఎక్కించడం మొదలుపెట్టింది.

"పెదనాయనా, కొలతలు నీ ఫోనుకే పంపిస్తా. చీటీలైతే ఎక్కడో ఒక చోట పడిపోతాయి" అంది ఒకరోజు.

"మాకు మొదటి నుంచీ చీటీలే అలవాటమ్మా. ఫోను చూసి గుడ్డ కోయడం నాకు రాదు" అన్నాడు దస్తగిరి.

ఫోనులో అంకెలు మరీ చిన్నగా ఉంటాయని అతని బాధ. వాటిని వేళ్లతో జరిపి పెద్దవి చేసుకోవచ్చని అతనికి తెలియదు. అడిగి ఉంటే ముబీనా చూపించేదే. అడగలేదు. ఆమె తనకోసం ఫోనులో ఒకసారి, అతనికోసం చీటీ మీద ఒకసారి కొలతలు రాసేది.

అడగకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. దస్తగిరి కంటే ముందు ఆ బల్ల ఇమాంసాబుది. ఇమాంసాబుకు చేతులు వణకడం మొదలైనప్పుడు దస్తగిరికి పాతికేళ్లు. "ఆయన చేతిలో కత్తెర చూస్తే నాకు భయమేస్తోంది" అని నలుగురిలో అని నవ్వించాడు. ఆ మాట ఇమాంసాబు చెవిన పడింది. మర్నాటి నుంచి ఆయన తనంతట తనే మూలకు పోయి కాజాలు కుట్టుకుంటూ కూర్చున్నాడు. రెండేళ్లు అట్లాగే కూర్చుని, ఒకరోజు రావడం మానేశాడు.

ఈ మధ్య దస్తగిరి ఆ మూల వైపు చూడటమే మానేశాడు.

*

ఆ ఏడు చలికాలంలో మార్కెట్టులో హమాలీ పని చేసే సుంకన్న, కూతురు నాగవేణిని వెంటబెట్టుకుని కొట్టుకు వచ్చాడు. ఆ పిల్ల లా చదువు పూర్తి చేసింది. వచ్చే సోమవారం వకీలుగా పేరు నమోదు. శనివారం సాయంత్రమే బస్సెక్కాలి. నల్ల కోటు గుడ్డను సుంకన్న తనే కొని, కాగితంలో చుట్టి, చంకలో పెట్టుకుని తెచ్చాడు. బల్ల మీద పెట్టడానికి ముందు రెండు చేతులూ పంచెకు తుడుచుకున్నాడు.

ముబీనా కొలతలు తీసింది. చీటీ రాసి బల్ల మీద పెట్టింది. దస్తగిరి సాయంత్రం కోశాడు.

బుధవారం మధ్యాహ్నం నాగవేణి కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. భుజాలు కుదిరాయి. నడుము కుదిరింది. చేతులు ముందుకు చాపింది.

కోటు చేతులు మణికట్టుకు మూడు అంగుళాల పైనే ఆగిపోయాయి.

 సుంకన్నే ముందుకొచ్చి గుడ్డ అంచు పట్టుకుని మెల్లగా లాగి చూశాడు.

"తడిపితే సాగుతాదా బాబా?"

"ఇది సాగే గుడ్డ కాదు సుంకన్నా" అన్నాడు బాబా.

ముబీనా గబగబా ఫోను తీసింది. "చేతుల పొడవు ఇరవై మూడు. ఇదిగో, ఇక్కడ ఇరవై మూడే ఉంది."

"చీటీలో ఇరవై ఉంది. నేను చీటీ చూసే కోశాను" అన్నాడు దస్తగిరి. అతను అబద్ధం చెప్పలేదు. అతనికి కనపడింది ఇరవయ్యే.

చీటీ కోసం వెతికారు. దొరకలేదు.

ముబీనా ముఖం చిన్నబోయింది. కాసేపు ఫోనునే చూస్తూ నిలబడి, "చీటీ మీద రాసేటప్పుడు పొరపాటు పడ్డానేమో బాబా" అంది. నాగవేణి దగ్గరికి పోయి, "తప్పు నాదేనక్కా" అని చెప్పింది.

నాగవేణి పర్వాలేదనలేదు. పర్వాలేదనడానికి ఆమెకు ఇంకో కోటు లేదు. కోటు విప్పి, మడతపెట్టి, బాబా ఒళ్లో పెట్టింది.

"శనివారం పొద్దున రండమ్మా" అన్నాడు బాబా.

వాళ్లు వెళ్లాక దస్తగిరి బాబా పక్కన కూర్చున్నాడు. "ఈ కాలం పిల్లలకు పని మీద ధ్యాస ఉండదు బాబా. చూపంతా ఫోను మీదే. ఒక్క అంకె కుదురుగా రాయలేరు. ఇట్లయితే నేను పని చేయలేను" అన్నాడు.

బాబా విన్నాడు. "ఊఁ" అన్నాడు.

సాయంత్రం అందరూ వెళ్లిపోయాక, బల్ల సర్దుతుంటే కొయ్య స్కేలు కింద చీటీ దొరికింది. దస్తగిరి దాన్ని తీసుకుని వాకిట్లోకి వచ్చాడు. సందులో ఇంకా ఎండ ఉంది. చేయి బాగా దూరం చాపి, కళ్లు చికిలించి చూశాడు.

ఇరవై మూడు. ముత్యంలా రాసి ఉంది.

 తర్వాత చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని ఇంటికి పోయాడు. అన్నం సయించలేదు. ఖాసింబీ ఏమైందని అడిగితే, "ఎండ తగిలింది" అన్నాడు. చలికాలం ఎండ తగలడమేమిటని ఆమె అతని వైపు వింతగా చూసింది.

*

గురువారం పొద్దున దస్తగిరి వచ్చేసరికి బాబా నాగవేణి కోటు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన సూదుల కోసం పెట్టుకున్న చిన్న దిండులో రెండు సూదులు గుచ్చి ఉన్నాయి. రెండింటికీ దారాలు ఎక్కించి ఉన్నాయి. ముబీనా అప్పటికే వచ్చి తన మిషను దగ్గర తల వంచుకుని పని చేసుకుంటోంది.

"దస్తగిరీ, ఇట్ల రా. ఈ లైనింగు కొంచెం ఊడింది. వీటిలో ఒకటి నల్ల దారం, ఒకటి నీలం. ఏది నల్లది?"

దస్తగిరి వంగి చూశాడు. రెండూ ఒకేలా ఉన్నాయి.

"ఇది బాబా" అన్నాడు వెంటనే.

బాబా ఆ సూది తీసుకుని కుట్టడం మొదలుపెట్టాడు. తొందర లేదు. నాలుగు వేళ్ల మేర కుట్టాడు. తర్వాత మోకాలి మీద చేయి వేసి లేచి, కోటు పట్టుకుని గుమ్మం దాకా పోయి ఎండలో పరిచాడు. దస్తగిరి వెంట వెళ్లాడు. ఆ ఎండలో అతనికి కూడా తెలిసింది. నల్ల గుడ్డ మీద నీలం కుట్లు.

 బాబా వచ్చి కూర్చుని, ఆ కుట్లన్నీ ఒక్కొక్కటే ఊడదీశాడు. దారాన్ని సరిచేసి, సూదిని మళ్లీ దిండుకు గుచ్చాడు. దిండును చేతిలో అటూ ఇటూ తిప్పి ముందు పెట్టాడు.

"ఏది నల్లది నాయనా?"

దస్తగిరి ఈసారి ఇంకా వంగాడు. ముక్కు సూదికి తగిలేంత దగ్గరికి పోయాడు. "ఇది" అన్నాడు, రెండోది చూపించి.

బాబా కుట్టాడు. లేచాడు. గుమ్మం దాకా నడిచాడు. మళ్లీ నీలమే. మళ్లీ వచ్చి కూర్చుని ఊడదీశాడు.

ఆ గుడ్డను మాటిమాటికీ కుట్టి ఊడదీస్తే సూది పోట్లు అట్లాగే నిలిచిపోతాయి. ఆ సంగతి దస్తగిరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. బాబా ఊడదీసే ఒక్కొక్క కుట్టూ అతనికి తన ఒంట్లోంచి లాగుతున్నట్టే ఉంది.

బాబా మూడోసారి దిండు ముందు పెట్టాడు.

"ఏది నల్లది?"

దస్తగిరి చేయి చాపాడు. వేలు రెండు సూదుల మధ్య ఆగిపోయింది. అటు పోలేదు, ఇటు పోలేదు. కాసేపటికి చేయి వెనక్కి తీసుకున్నాడు. 

బాబా తల తిప్పి కేకేశాడు. "అమ్మా ముబీనా! ఒకసారి ఇట్ల రా. నాకు కనపడటం లేదు. ఏది నల్ల దారమో చెప్పు."

ముబీనా వచ్చింది. నిలబడే ఒక్క చూపు చూసి, సూది తీసి ఆయన వేళ్ల మధ్య పెట్టి, మళ్లీ తన మిషను దగ్గరికి పోయింది. అంతా కలిపి రెండు క్షణాలు పట్టింది.

బాబా ఇట్లా ముబీనాను రోజుకు ఎన్నిసార్లు పిలుస్తాడో దస్తగిరి వింటూనే ఉన్నాడు. ముసలాయన మనవరాలి లాంటి పిల్లతో ముచ్చటగా మాట్లాడుతున్నాడనుకున్నాడు ఇన్నాళ్లూ.

"మీకూ కనపడదా బాబా?" అన్నాడు మెల్లగా.

"ఆరేళ్లయింది."

"మరి... ఇన్నాళ్లూ..."

బాబా కుట్టుకుంటూనే అన్నాడు. "కళ్లే కదా పోయింది. నోరుంది కదా నాయనా."

దస్తగిరి లేచి వాకిట్లోకి పోయాడు. అరుగు మీద కూర్చున్నాడు. సందులోంచి పత్తి బేళ్ల బండ్లు పోతున్నాయి. ఒకటి పోయింది, రెండోది పోయింది. తెలిసినవాళ్లు పలకరిస్తే తల ఊపాడు. లోపల మిషను చప్పుడు ఆగుతూ మొదలవుతూ వినిపిస్తోంది. ఒక్కో పరుగుకూ ముబీనా ఎంత మేర కుట్టిందో అతను చెవులతోనే చెప్పగలడు. ఈ రోజు ఆ చప్పుడులో ఊపు లేదు.

ఇరవై అడుగుల దూరం లోపలికి నడవడానికి అతనికి చాలాసేపు పట్టింది.

మిషను దగ్గర నిలబడి జేబులోంచి చీటీ తీశాడు. మడతలు విప్పి ఆమె ముందు పెట్టాడు.

"అమ్మా, ఈ అంకె ఏందో చదివి పెట్టు. నాకు కనపడదు."

ముబీనా చీటీని చూసింది. అతని ముఖం చూసింది.

"ఇరవై మూడు."

"నాకు ఇరవైలా కనపడింది. ఏడాది పైనుంచీ ఇంతే. కళ్లలో శుక్లాలు. ఎవరికీ చెప్పలేదు."

"ఇది ఎప్పుడు దొరికింది పెదనాయనా?"

"నిన్న సాయంత్రం."

ముబీనా కుడుతున్న గుడ్డను పక్కకు నెట్టింది. "నిన్న సాయంత్రం ఇంట్లో ఏం చెప్పానో తెలుసా? నాకు పని చేతకాదు, మానేస్తానని చెప్పాను. మా అమ్మ సరేనంది. ఆమెకు మొదటి నుంచీ ఇష్టం లేదు."

దస్తగిరి తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె చీటీని అతని చేతిలో పెట్టి మిషను వైపు తిరిగింది. పెడలు బలంగా తొక్కింది. మధ్యాహ్నం దాకా అతని వైపు చూడలేదు. అతనూ పలకరించే సాహసం చేయలేదు.

బాబా వాళ్లిద్దరి మధ్యా కూర్చుని లైనింగు కుట్టుకున్నాడు. మధ్యలో ఒకసారి టీ తెప్పించాడు, అంతే.

*

మధ్యాహ్నం నమాజు అయ్యాక ముబీనా బల్ల దగ్గరికి వచ్చింది. ముఖం ఇంకా ముడుచుకునే ఉంది. ఫోను అతని ముందు పెట్టింది. అందులో కోటు బొమ్మ ఉంది. చేతుల చివర వెడల్పుగా పట్టీ మడిచి కుట్టి ఉంది.

"మూడు అంగుళాల పట్టీ. మిగిలిన ముక్కలతో ఇట్ల వేయొచ్చా?"

దస్తగిరి చూశాడు. "చాలా చిన్నగా ఉందమ్మా. కుట్టు ఎక్కడ వేశారో కనపడటం లేదు."

ఆమె రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసింది. పట్టీ, దాని కుట్టు, మడత అద్దంలోలా కనపడ్డాయి. దస్తగిరి ఆశ్చర్యంగా ఫోను వైపు, ఆమె వేళ్ల వైపు చూశాడు.

"ఇట్ల కూడా అవుతుందా?"

"ఎంత కావాలంటే అంత అవుతుంది."

దస్తగిరి మిగిలిన ముక్కలు తెప్పించి బల్ల మీద పరిచాడు. చిన్నవి. ఒక్కో పట్టీకి రెండేసి ముక్కలు అతకాల్సిందే. ఆమె నిరాశగా చూసింది. అతను మాత్రం కళ్లు మూసుకుని, బొటనవేలితో ఒక్కో ముక్కను నిమిరాడు. పోగు ఎటు పోతోందో, నునుపు ఎటు ఉందో వేలికి తెలిసిపోయింది. రెండు ముక్కలను పక్కపక్కన చేర్చి, "ఇవి రెండూ జత. అతుకు చేతి కింది వైపుకు వస్తే ఎవరికీ తెలియదు. గీత గీయమ్మా, కొంచెం మందంగా" అన్నాడు.

ఆమె గీసింది. అతను కత్తెర పట్టాడు.

"కొంచెం కుడికి పెదనాయనా. ఇంకొంచెం. ఆఁ, ఇప్పుడు నేరుగా పో."

ఇన్నేళ్లలో కోసేటప్పుడు పక్కన మనిషిని మాట్లాడనిచ్చి ఎరగడు దస్తగిరి. ఆ రోజు ఆమె చెప్పినట్టల్లా పోయాడు.

శనివారం పొద్దున నాగవేణి కోటు తొడుక్కుంది. చేతులు చాపింది. పట్టీ అంచు మణికట్టు ఎముక మీద వచ్చి ఆగింది. అద్దంలో ఎడమ చేయి, కుడి చేయి తిప్పి తిప్పి చూసుకుంది.

"మొదట్లో దీనికి ఈ పట్టీ లేదు కదా?" అంది.

"లేదమ్మా" అన్నాడు దస్తగిరి. "తప్పు ఈ పిల్లది కాదు, నాది. ఆమె సరిగ్గానే రాసింది. నాకు కళ్లు సరిగా ఆనక పొట్టిగా కోశాను. పట్టీ వేద్దామన్న ఆలోచన ఆమెది."

సుంకన్న కూతురి చేతుల వైపే చూస్తున్నాడు. "ఎవరిదైతే ఏముందిలే సామీ. చేతులు మునిగినాయి కదా" అన్నాడు.

నాగవేణి మాత్రం ముబీనా వైపు తిరిగింది. మొన్న అనని మాట ఏదో అనబోయి, అనకుండా ఆమె చేయి పట్టుకుని నొక్కి వదిలింది.

వాళ్లు వెళ్లాక దస్తగిరి కత్తెర తుడిచి బాబా ముందు పెట్టాడు.

"వచ్చే వారం ఆసుపత్రికి పోతాను బాబా. ఈ బల్ల ఇంక ముబీనాకు ఇచ్చేస్తా."

"బల్ల నాది కదా" అన్నాడు బాబా. "నువ్వెట్ల ఇస్తావు?"



బాబా గోడ పట్టుకుని లేచాడు. బల్ల ఒక కొస మీద చేయి వేసి, "ఆ కొస పట్టండి" అన్నాడు. దస్తగిరి, ముబీనా చెరోవైపు పట్టారు. ఎన్నో ఏళ్లుగా లోపలి గోడకు ఆనించి ఉన్న బల్ల కిర్రుమంటూ కదిలింది. బాబా ముందు నడుస్తూ దాన్ని గుమ్మం దాకా జరిపించాడు. సందులోంచి వచ్చే ఎండ బల్ల నిండా పడింది. అక్కడితో పని అయిపోయినట్టు ఆయన వెళ్లి తన చాప మీద కూర్చుని, సగంలో ఉన్న చొక్కా ఒళ్లోకి తీసుకున్నాడు.

ముబీనా మిషను దగ్గరికి పోలేదు. బల్ల కొస పట్టుకుని అక్కడే తచ్చాడుతోంది. చివరికి తన సంచిలోంచి ఒక షేర్వానీ కాలరు తీసి ఎండలో పెట్టింది. నాలుగుసార్లు కుట్టి నాలుగుసార్లు ఊడదీసిన గుర్తులు దాని మీద ఉన్నాయి.

"మెడ దగ్గర ముడత పోవడం లేదు పెదనాయనా. కాలేజీలో నేర్పారు. వీడియోలు కూడా చూశాను. అయినా కుదరడం లేదు." కాలరును అతని వైపు జరిపింది. "ఇది నాకు రాదు. వచ్చని బాబాకు చెప్పి పని తీసుకున్నాను."

దస్తగిరి బాబా వైపు చూశాడు. బాబా తల ఎత్తలేదు.

దస్తగిరి కాలరు చేతిలోకి తీసుకుని బొటనవేలితో మడత వెంట నిమిరాడు.

"స్టూలు తెచ్చుకో అమ్మా" అన్నాడు. "ఇది నిలబడి నేర్చుకునే పని కాదు."